ఓడలో మావాణ్ణి దొంగ లెక్క రాయమంటున్నారు, వాడికి ఏం చెప్పాలి?

కడప_మేనమామ
మా అక్క కొడుకు ఓడలో ఫోర్త్ ఇంజనీరు. బొగ్గు, ఇనుప ఖనిజం మోసే ఓడ, ట్యాంకర్ కాదు. రెండో కాంట్రాక్టు. మొన్న రాత్రి వీడియో కాల్‌లో వాళ్ళమ్మ వంటింట్లోకి పోయేదాకా ఆగి నాకు మెల్లగా చెప్పాడు. ఇంజన్ రూమ్ అడుగున నూనె కలిసిన నీళ్ళు చేరతాయంట, బిల్జ్ అంటారంట. ఒక మెషీన్‌లో వాటిని వడగట్టి నూనె పక్కకు తీసి నీళ్ళు మాత్రమే సముద్రంలోకి వదలాలంట. ఆ మెషీన్ రెండు నెలలుగా పని చెయ్యట్లేదు. సెకండ్ ఇంజనీరు రాత్రి పూట ఇంకో పైపు తగిలించి నేరుగా బయటికి తోలిస్తున్నాడు, రిజిస్టర్‌లో మాత్రం మెషీన్ నడిచినట్టు రాసి సంతకం పెట్టమంటున్నాడు. వీడు ఇప్పటికే రెండు సార్లు పెట్టాడు. మూడోసారి నసిగితే "నీ అప్రైజల్ రాసేది నేనే కదా" అన్నాడంట.

చదువుకు చేసిన లోను ఇంకా నాలుగేళ్ళు ఉంది. అక్కకు చెప్పలేదు. నేను డిపోలో పనిచేసి రిటైరైనోణ్ణి, డీజిల్ లెక్కలో తేడా వస్తే ఏమవుతుందో తెలుసు, సముద్రం లెక్కలు తెలీవు. ఇది అందరూ చేసేదేనా, జైలు దాకా పోయేదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉగ్గాని_బజ్జి
కడపలో కూచుని సముద్రం గురించి నిద్ర చెడగొట్టుకునే మొదటి మనిషివి నువ్వే అన్నా

ఆదోని_మిల్లు
సముద్రం ఎంత, ఓడ ఎంత. నాలుగు డ్రమ్ముల నూనె నీళ్ళు పోతే ఏం కొంప మునిగింది? పిల్లోణ్ణి గమ్మున సంతకం పెట్టి లోను తీర్చుకోమను. పైవాడితో పెట్టుకుంటే నడి సముద్రంలో దిగి ఇంటికి రాలేడు కదా.

నంద్యాల_చీఫ్
ఆదోని బ్రదర్, ఆ మాట ఓడలో ఎవరూ అనరు, ఆ పని చేసేవాడు కూడా అనడు. ఇరవై రెండేళ్ళు ఇంజన్ రూముల్లో ఉండి చీఫ్ ఇంజనీరుగా దిగినవాణ్ణి, ఇప్పుడు నంద్యాల పక్కన నాలుగెకరాల తోట చూసుకుంటున్నా.

మేనమామ గారూ, మీవాడు చెప్పిన రిజిస్టర్ పేరు ఆయిల్ రికార్డ్ బుక్. నూనె ఏ ట్యాంకు నుంచి ఏ ట్యాంకుకు పోయింది, ఎంత కాల్చారు, ఎంత బయటికి వదిలారు అన్నీ అందులో ఎక్కాలి. పని చేయించిన ఆఫీసరు ప్రతి ఎంట్రీకి సంతకం పెడతాడు, పేజీ నిండితే కెప్టెన్ పెడతాడు. ఆఖరి ఎంట్రీ తర్వాత మూడేళ్ళు పుస్తకం దాచాలి. ఇదంతా మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద. వదిలే నీళ్ళలో నూనె పది లక్షల పాళ్ళకు పదిహేను పాళ్ళు దాటకూడదు. దాటితే నూనె కొలిచే మీటరు మోగుతుంది, వాల్వు తిరిగి నీళ్ళు మళ్ళీ లోపలికే వస్తాయి. దాన్ని తప్పించడానికి పెట్టే పైపుకే మ్యాజిక్ పైపు అని పేరు. కొందరు పైపు కూడా పెట్టరు, మీటరుకు మంచినీళ్ళు తాపుతారు, అది సున్నా చూపిస్తూ కూచుంటుంది.

రాత్రి పూట ఎవరు చూస్తారులే అనుకుంటారు కానీ దొరికేది లెక్కలో. ఫర్నేస్ ఆయిల్ అనే చిక్కటి ఇంధనం కాల్చే ఓడలో, వాడిన ఇంధనంలో నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు మడ్డి మిగలాలి. రోజుకు 30 టన్నులు కాల్చే ఓడ 20 రోజులు నడిస్తే 600 టన్నులు, అంటే కనీసం ఆరు టన్నుల మడ్డి. పోర్టులో దింపిన రసీదు లేదు, ఇన్సినరేటర్‌లో కాల్చిన గంటలు చాలవు, ట్యాంకులో కూడా లేదు. మరి యాడికి పోయింది? ఇన్‌స్పెక్టర్‌కు ఆ ప్రశ్న చాలు. రెండోది, పైపులు కలిసే చోట ఫ్లాంజ్ బోల్టులు చూస్తారు. వరసగా అన్ని బోల్టులకూ ఏళ్ళ నాటి పెయింటు పట్టి ఉండి, నాలుగింటికి మాత్రం మూలల్లో పెయింటు లేచి స్పానర్ గీతలు తళతళ మెరుస్తుంటే, దాన్ని విప్పించి లోపల వేలు పెట్టి చూస్తారు. నల్లగా వచ్చిందంటే అయిపోయింది.

అమెరికా పోర్టుకు పోతే అది క్రిమినల్ కేసు. నూనె పోసింది వాళ్ళ నీళ్ళలో కాకపోయినా సరే, తప్పుడు పుస్తకం వాళ్ళ పోర్టులోకి తెచ్చినందుకు కేసు. ఆ పేజీ మీద సంతకం ఎవరిది? మీవాడిది.

తుంగభద్ర_ఒడ్డు
పది లక్షలకు పదిహేను అంటే మన భాషలో ఎంతో లెక్క వేశా. 12 వేల లీటర్ల నీళ్ళ ట్యాంకర్‌లో 180 ఎం.ఎల్. అంటే ట్యాంకర్‌కు ఒక క్వార్టర్.

ఉగ్గాని_బజ్జి
అంత పల్చగా కలిపితే మా వీధిలో ఎవడూ తాగడు సామీ

అనంత_కెమిస్ట్రీ
చీఫ్ గారి మాట కాదనను కానీ నాకు ఒక అభ్యంతరం. అసలు నాశనం చేసేవి పెద్ద ప్రమాదాలు. ఈ చిల్లర పైపుల గురించి పిల్లవాణ్ణి ఇంత భయపెట్టడం అవసరమా? 1967లో ఇంగ్లండ్ తీరంలో టోరీ కాన్యన్ అనే ట్యాంకర్ బండరాళ్ళకు కొట్టుకుని లక్ష టన్నులకు పైగా ముడి చమురు పోయింది. నూనెను తగలబెడదామని దాని మీద విమానాలతో బాంబులు వేశారు. ఒడ్డుకు వచ్చిన దాని మీద టన్నులకొద్దీ డిటర్జెంట్ చల్లారు, నూనె చంపిన దానికంటే ఆ డిటర్జెంట్ చంపిన నత్తలు, గుల్లలే ఎక్కువ. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్, 37 వేల టన్నుల దాకా. అక్కడ ఒడ్డు రాళ్ళను వేడినీళ్ళతో కడిగి, మిగిలిన జీవాలను కూడా ఉడకబెట్టారు. ఆ దెబ్బకే ట్యాంకర్లకు రెండు గోడల అడుగు తప్పనిసరి అయింది, బయటి రేకు చిరిగినా లోపలి ట్యాంకు నిలుస్తుంది.

ఫలితం కూడా వచ్చింది. 1970లలో ఏడు టన్నులు దాటిన ట్యాంకర్ లీకులు ఏడాదికి సగటున డెబ్బైకి పైనే ఉండేవి, 2010లలో ఆరేడుకు పడ్డాయి. క్లాసులో ఈ గ్రాఫ్ వేసి చూపిస్తుంటాను.

నంద్యాల_చీఫ్
మేడమ్, గ్రాఫ్ నిజమే. దొరికిన లీకులే కదా అందులో ఎక్కేది, రాత్రి రెండింటికి పైపులో పోయేది ఏ గ్రాఫ్‌లో వేస్తారు?

అనంత_కెమిస్ట్రీ
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటా. అయినా పెద్దవే ముందు.

ఎన్నూరు_బకెట్
ఈ హ్యాండిల్ ఎందుకు పెట్టుకున్నానో ఇన్నాళ్ళకు చెప్పే సందర్భం వచ్చింది. మాది కర్నూలు. 2017లో చెన్నైలో ఇంజనీరింగ్ చదువుతున్నా. జనవరి 28 తెల్లవారుజామున ఎన్నూరు పోర్టు బయట రెండు ఓడలు ఢీకొన్నాయి, ఒకటి గ్యాస్ మోసేది, ఇంకోటి డాన్ కాంచీపురం. పోయింది ఓడ తన ఇంజన్ కోసం పెట్టుకున్న మడ్డి నూనె. మొదట పెద్దగా ఏం కారలేదన్నారు, చివరికి లెక్క 200 టన్నుల దగ్గర తేలింది. మేడమ్ చెప్పిన లక్ష టన్నుల ముందు అది ఏ మూలకు?

మా హాస్టల్ నుంచి బస్సులో ఎర్నావూరు పోయాం. సముద్రం అలలు కొట్టట్లేదు, ఊగుతోంది అంతే, పైన అంత మందంగా నల్ల మీగడ. పంపులు పెట్టారు, అది పంపుల్లోకి ఎక్కదు. నీళ్ళతో కలిసి చిలికినట్టయి మూడు నాలుగింతలు ఉబ్బుతుందని తర్వాత తెలిసింది. చల్లారిన రాగి సంకటిలో చెయ్యి పెట్టినట్టు ఉంటుంది, వేళ్ళ నుంచి వదలదు. బండల సందుల్లోంచి బకెట్లతో తోడి చేతులు మారుస్తూ పైకి అందించాం. పావు బకెట్‌కే బరువు. మొదటి గంటలోనే గ్లవ్స్ చిరిగాయి. వాసనకు మధ్యాహ్నానికి తల పగిలిపోయింది. అక్కడి మత్స్యకారుల ఆడవాళ్ళు కొబ్బరినూనె ఇచ్చి, ముందు దీంతో రుద్ది తర్వాత సబ్బు పెట్టండి అన్నారు, అదే పని చేసింది. ఒక ఎండ్రకాయ బండ మీదికి ఎక్కాలని చూస్తోంది, కాళ్ళు కదుల్తున్నాయి కానీ ముందుకు రావట్లేదు, నూనెలో జారి మళ్ళీ మళ్ళీ అక్కడికే. నేను తీసి పక్కన పెట్టా, అది బతికిందో లేదో తెలీదు.

చేపలు పట్టేవాళ్ళకు నష్టం నూనె పడిన చోటే కాదు. నూనె అంటని చేపలు కూడా మార్కెట్లో ఎవరూ కొనలేదు. అందుకే ఆదోని అన్నా, నాలుగు డ్రమ్ములు అంటే నాకు కోపం వస్తుంది.

ఆదోని_మిల్లు
సరేలే తమ్ముడూ, నేను అన్నది నీకు తగుల్తుందని తెలీదు. కానీ ఒక మాట. మిల్లులో శనక్కాయ నూనె కింద ఒలికితే మేం నీళ్ళు పొయ్యం, పొట్టు చల్లి ఊడుస్తాం. అంత పెద్ద పోర్టులో బకెట్లా?

నంద్యాల_చీఫ్
ఓడలో కూడా అదే. ప్రతి ఓడలో దీనికోసం ఒక గది ఉంటుంది, సోపెప్ లాకర్ అంటాం. రంపపు పొట్టు, నూనె పీల్చే ప్యాడ్లు, పారలు, చీపుర్లు, బకెట్లు. ఇంధనం ఎక్కించుకునేటప్పుడు డెక్ మీది నీళ్ళ తూములన్నీ బిరడాలు కొట్టి మూసేస్తాం, ఒలికినా డెక్ మీదే ఆగాలి. ట్యాంకు నిండొచ్చేటప్పుడు వేగం తగ్గించమని ఇంధనం తెచ్చిన బార్జ్ (చిన్న ఓడ) వాడికి చెప్పాలి, అది మరిచిపోయి ఒకడు టీ తాగడానికి పోయిన రోజు నాకు ఇంకా గుర్తుంది, గాలిగొట్టంలోంచి ఫౌంటెన్. మూడు డ్రమ్ములు డెక్ మీదే ఆగింది, ఒక్క తూముకు బిరడా వదులుగా ఉండి బకెట్ అంత సముద్రంలో పడింది. ఆ బకెట్‌కే ఓడను పోర్టులో ఆపేశారు.

నీళ్ళలో పడ్డాక మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు. బూమ్‌లు అని తేలే కంచెలు వేస్తారు, నీటి వడి కాస్త ఎక్కువైతే నూనె వాటి కిందుగా జారిపోతుంది. స్కిమ్మర్లు పైపొర లాగుతాయి, అలలు లేస్తే నీళ్ళే లాగుతాయి. పడిన దాంట్లో పది పదిహేను శాతం తిరిగి చేతికొస్తే గొప్ప. నూనెను ముక్కలు చేసే మందులు చల్లుతారు, అవి పల్చటి నూనెకు, లోతు నీళ్ళలో. మడ్డి నూనెకు పెద్దగా పట్టవు, మడ అడవుల పక్కన వాడరు.

పత్తికొండ_దూది
శనక్కాయ పొట్టు సంగతి తెలీదు కానీ బూరుగు దూది నూనె పీలుస్తుంది, నీళ్ళు అంటించుకోదు. పాత దిండు విప్పి గిన్నెలో వేసి చూడండి.

అనంత_కెమిస్ట్రీ
నిజం. బూరుగు పోగు లోపల డొల్ల, పైన మైనం పూత. మామూలు పత్తి కూడా దాని మైనం తీసి శుభ్రం చెయ్యక ముందు నూనెనే ఇష్టపడుతుంది. 2020లో మారిషస్ దగ్గర వకాషియో ఓడ పగడపు దిబ్బ ఎక్కి వెయ్యి టన్నుల దాకా నూనె కారినప్పుడు జనం చెరకు ఆకు, ప్లాస్టిక్ బాటిళ్ళు గుడ్డల్లో కుట్టి కంచెలు కట్టారు, జుట్టు కూడా కత్తిరించి ఇచ్చారు.

ఉగ్గాని_బజ్జి
జుట్టు అయితే మనకు కొండ మీద లోటు లేదు

తుంగభద్ర_ఒడ్డు
ఆ వకాషియో ఒడ్డు దగ్గరికి ఎందుకు పోయిందో తెలుసా? జపాన్ వాళ్ళ దర్యాప్తులో తేలింది, మొబైల్ సిగ్నల్ కోసం. సిగ్నల్ కోసం మిద్దెక్కేది మనమే అనుకున్నా ఇన్నాళ్ళు.

ముగ్గురాయి_మంగంపేట
సముద్రంతో మనకేం పని అంటున్నారు పైన. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడికి నూనె ఎగదన్నకుండా బరువు కోసం పోసే బురదలో కలిపేది మా మంగంపేట ముగ్గురాయి పొడే. నేను రోజూ లోడింగ్ చూసేవాణ్ణి, లారీ మీద తెల్ల దుమ్ము, అది ఏ దేశం బావిలోకి పోతుందో. మా ఓబులవారిపల్లె నుంచి కృష్ణపట్నానికి రైలు లైను కూడా పడింది. కాబట్టి మేం కూడా సముద్రం వాళ్ళమే.

చిన్నచౌకు_మెకానిక్
ఇంతమంది సముద్రం గురించి మాట్లాడుతున్నారు, మన బుగ్గవంక సంగతి? నా షెడ్డులో పాత ఇంజనాయిల్ డ్రమ్ములో పోసి కొనేవాడికి ఇస్తా. పక్క షెడ్డు వాడు కాలవలోకే. చెప్తే "నీకెందుకు" అంటాడు. వాడికి రికార్డ్ బుక్ ఎవరు పెడతారు?

ఆదోని_మిల్లు
మంగంపేట తర్వాత బుగ్గవంక. ఈ థ్రెడ్ సముద్రం చేరదు ఇక.

పెన్న_సుజా
మా ఆయన పదేళ్ళుగా ఓడల్లో, మాది ప్రొద్దుటూరు. అందరూ నూనె గురించి రాస్తున్నారు, ఆ పిల్లోడి గురించి ఎవరూ రాయట్లేదు. మేనమామ గారూ, వాడు ఇప్పుడు ఉన్నది ఇరవై మంది మనుషులు, నాలుగు గోడలు. సెకండ్‌తో గొడవ పడితే అదే మెస్‌లో మూడు పూటలా ఎదురుగా కూచుని తినాలి. హీరో వేషం వద్దు. మెల్లగా పోవాలి.

ప్రతి ఓడలో గోడ మీద డీపీఏ నంబరు ఉంటుంది, అంటే కంపెనీ ఆఫీసులో భద్రత సంగతులు నేరుగా వినాల్సిన మనిషి. కెప్టెన్‌ను దాటి ఆయనకు రాసే హక్కు ఓడలో కుక్‌కు కూడా ఉంది. ముందు చీఫ్ ఇంజనీరుకు నోటితో కాదు, రాసి చెప్పమనండి, మెషీన్ పాడైంది, విడిభాగం కావాలి అని. అందులో ఎవరినీ తప్పు పట్టినట్టు ఉండదు. జవాబు రాకపోతే డీపీఏకు. ఇంకా కాకపోతే యూనియన్ ఉంది, ఓడల సంగతులు చూసే ప్రభుత్వ ఆఫీసు డీజీ షిప్పింగ్ ఉంది.

హైవే_44
ఫోటోలు తీసి పెట్టుకోమను. అమెరికాలో చెప్పినవాడికి జరిమానాలో సగం దాకా ఇవ్వొచ్చంట కోర్టు. ప్రిన్సెస్ క్రూయిజ్ అనే విహార ఓడల కంపెనీ కేసులో కొత్తగా చేరిన ఇంజనీరే పైపు సంగతి బయటపెట్టాడు, 2016లో 4 కోట్ల డాలర్ల జరిమానా పడింది.

ఉగ్గాని_బజ్జి
లోను ఏంది, బ్యాంకే కొనొచ్చు

నంద్యాల_చీఫ్
ఆ ఆశ పిల్లోడికి పెట్టొద్దు. అది నిజమే, కానీ కేసు తేలేదాకా సాక్షులను నెలల తరబడి అక్కడే హోటల్లో కూచోబెట్టిన సందర్భాలు ఉన్నాయి. పైగా ఇతను రెండు సార్లు సంతకం పెట్టాడు. సుజమ్మ చెప్పిన దారే సరైనది. నేను ఒక్కటి చేర్చుతా: పాత పేజీ చింపొద్దు, దిద్దొద్దు, వైట్‌నర్ అసలు వద్దు. పేజీలకు నంబర్లు ఉంటాయి. దిద్దుబాటు కనపడితే పైపు కంటే అది పెద్ద నేరం అవుతుంది.

కోడుమూరు_రాత్రి
మరి ఇండియాలో ఎవరు చూస్తారు ఇవన్నీ? కోస్ట్ గార్డేనా?

ఎన్నూరు_బకెట్
అవును, సముద్రంలో నూనె పడితే బాధ్యత కోస్ట్ గార్డ్‌దే, 1996 నుంచి జాతీయ ప్రణాళిక ఉంది. సముద్ర ప్రహరి, సముద్ర పహరేదార్ లాంటి ఓడలు దీనికోసమే కట్టారు. నూనె ఎటు కొట్టుకుపోతుందో గాలి, నీటి వడి బట్టి లెక్క కట్టి చెప్పేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే ప్రభుత్వ సంస్థ. సముద్రం లేని ఊళ్ళో కూచుని.

2025 మే నెలలో కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే కంటెయినర్ ఓడ మునిగింది చూడండి, 640 కంటెయినర్లు, ఓడలో డీజిల్ 84 టన్నులు, ఫర్నేస్ ఆయిల్ 367 టన్నులు. 24 మందీ బతికారు. ఒడ్డంతా ప్లాస్టిక్ గింజలు కొట్టుకొచ్చాయి, ఏరేవాళ్ళు జల్లెళ్ళు పట్టుకుని కూచున్నారు. కేరళ ప్రభుత్వం 9,531 కోట్లకు దావా వేసింది.

కోడుమూరు_రాత్రి
ఇసకలో ప్లాస్టిక్ గింజలు జల్లెడ పట్టడమా. వడ్లల్లో రాళ్ళు ఏరినట్టు.

కడప_మేనమామ
పన్నెండు రోజులు రాయలేదు, మన్నించండి. అందరి పోస్టులూ వాడికి పంపాను. క్వార్టర్ లెక్క చదివి నవ్వాడు, చాలా రోజుల తర్వాత.

సుజమ్మ చెప్పినట్టే చీఫ్ ఇంజనీరుకు రాసిచ్చాడు. మూడు రోజులు జవాబు లేదు. సెకండ్ మళ్ళీ పుస్తకం తెచ్చి ముందు పెడితే, మెషీన్ నడవని రోజు నడిచిందని నేను రాయలేను సార్ అన్నాడంట. ఆయన ఏం అనలేదంట, పుస్తకం తీసుకుని పోయాడు. ఆ రాత్రి వీడు డీపీఏకు మెయిల్ పెట్టాడు. తను ముందు సంతకం పెట్టిన రెండు తేదీలు కూడా దాంట్లో వేశాడు. అవి వెయ్యొద్దురా అని నేను అన్నాను, నిజం చెప్తున్నా. వాడు వినలేదు.

తర్వాతి పోర్టులో కంపెనీ మనిషి ఓడెక్కి రెండు రోజులు ఉన్నాడు. బిల్జ్ నీళ్ళు ఒడ్డు మీది ట్యాంకర్ లారీలోకి దింపించారు, రసీదు తీసుకున్నారు. మెషీన్‌కు ఫిల్టర్లు, మీటరుకు ఏదో విడిభాగం కొత్తవి వేశారు. సెకండ్ ఓడలోనే ఉన్నాడు, వీడితో పని మాట తప్ప మాట్లాడట్లేదు. ఆ రెండు సంతకాల గురించి కంపెనీ నుంచి ఇంకా జవాబు లేదు, టెన్షన్ అయితే ఉంది.

అక్కకు నిన్న చెప్పాను. అంతా విని, ఆ ఫిల్టరు ఎంతవుతుందిరా అని అడిగింది. వాడు చెప్పిన రేటు చెప్పాను. "దానికా ఇంత!" అని లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

పెన్న_సుజా
తేదీలు వేసి మంచి పని చేశాడు. మెస్‌లో మాటలు వాటంతట అవే వస్తాయి, నెల పడుతుంది.

నంద్యాల_చీఫ్
డీపీఏ మెయిల్ కాపీ తన సొంత ఐడీకి కూడా పంపుకోమనండి, ఓడ కంప్యూటర్‌ను నమ్మొద్దు. ఇక నుంచి రోజూ పొద్దున బిల్జ్ ట్యాంకు, స్లడ్జ్ (మడ్డి) ట్యాంకు కొలత తానే తీసి సొంత నోటుబుక్కులో తేదీతో రాసుకోమనండి, ఎవరూ అడగకపోయినా. ఆ ఫ్లాంజ్ బోల్టులకు ఎవరైనా పెయింటు వెయ్యమంటే వెయ్యొద్దనండి.

కడప_మేనమామ
నిన్ననే వెయ్యమన్నారంట చీఫ్ గారూ. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.